మాట ఆగని వేగం



ఈవేళ నేను మీతో ముచ్చటించదలచినది ఒక సుదీర్ఘమైన పోటీని గురించి. ఈ పోటీలో మనిషి మొదట ఈదుతాడు. ఒడ్డు చేరి సైకిలెక్కుతాడు. సైకిలు దిగి పరుగందుకుంటాడు. నడుమ విరామమన్నది లేదు. తడిబట్ట మార్చుకున్న కాలం, బూటుతాడు కట్టుకున్న కాలం సైతం లెక్కలో చేరిపోతుంది. దీనికి ట్రయథ్లాన్ అని పేరు. ఇందులో పెద్ద దూరపు పోటీ ఐరన్‌మాన్ అన్న పేరుతో లోకమంతటా ప్రసిద్ధికెక్కింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఒక సంపూర్ణమైన మారథాన్, అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు.

వట్టి అంకెలు చెవిలో నిలువవు. మన నారాయణఖేడు గడప నుండి కొలిచి చూద్దాం. 50 మీటర్ల ఈతకొలనులో ఈ గట్టు నుండి ఆ గట్టుకు 76 మార్లు ఈదితే మొదటి భాగం ముగుస్తుంది. తరువాత ఇక్కడ సైకిలెక్కి, హైదరాబాదు చేరి, అక్కడ కాలు నేల మోపకుండానే మళ్లి, సుమారు సగం దారి వెనుకకు వస్తే రెండవ భాగం ముగుస్తుంది. ఇక మూడవది. ఇక్కడి నుండి బీదరు పోయినంత దూరం, ఇంచుమించుగా, పరుగున పోవాలి. ఇదంతా ఒక్కనాటి పని. ఉదయం ఏడు గంటలకు నీళ్లలో దిగినవాడు అర్ధరాత్రి లోపల, అనగా 17 గంటల గడువులో, గమ్యం చేరాలన్నది సాధారణ నియమం.

ఇది మానవమాత్రులకు సాధ్యమా అని మీకు తోచవచ్చు. సాధ్యమే. ఉద్యోగం చేసుకునేవారు, సంసారం దిద్దుకునే గృహిణులు, అరవై దాటిన పెద్దలు ఏటేటా దీనిని పూర్తి చేస్తున్నారు. వారందరూ నేర్చుకున్న ఒక్క సంగతిని మీకు చెప్పడానికే నేను వచ్చాను.

ఆ సంగతి ఇది. పక్కనున్న మనిషితో ఒక నిండు వాక్యం రొప్పకుండా మాట్లాడగలిగినంత వేగంతోనే సాధన చేయండి. ఆ వేగంతోనే పోటీని ఆరంభించండి. మరొక్కమారు చెబుతాను. మాట ఆగిపోయే వేగం వద్దు. మాట సాగే వేగం కావాలి.

ఈ ఐరన్‌మాన్ పోటీ మొట్టమొదట జరిగిననాడే నిగ్రహం ఎంత అవసరమో కనబడింది. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి ద్వీపాలలో ఓవాహు అనే దీవి కలదు. అక్కడ అమెరికా నౌకాదళంలో అధికారిగా ఉండిన జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ, ఈతగాడు దృఢుడా, సైకిలువాడు దృఢుడా, పరుగువాడు దృఢుడా అని మిత్రగోష్ఠిలో చెలరేగిన వాదాన్ని తేల్చే నిమిత్తం, ఆ దీవిలో అంతకు పూర్వం వేరువేరుగా జరుగుతూ వచ్చిన మూడు పోటీలను ఒకదాని వెంట ఒకటిగా కూర్చి, 1978 ఫిబ్రవరి 18వ తేదీన ఒక్కదినంలో నిర్వహించారు. బయలుదేరినవారు 15 మంది. చివర దాకా నిలిచినవారు 12 మంది. సైకిలు దిగే వేళకు జాన్ డన్బర్ అనే యువకుడు అందరికన్న ముందున్నాడు. పరుగులో అతని సహాయకుల వద్ద నీళ్లు నిండుకున్నవి. దాహంతో వచ్చిన మనిషికి వారు బీరు అందించారు. వెనుక నుండి వచ్చిన గార్డన్ హాలర్ అతన్ని దాటి, 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గమ్యం చేరి ప్రథముడైనాడు. ముందున్నవాడు రెండవవాడైనాడు.

మరి నాలుగేళ్లకు, 1982 ఫిబ్రవరిలో, అదే హవాయిలో జూలీ మాస్ అనే విద్యార్థిని స్త్రీల పోటీలో అందరికన్న ముందు వస్తూ, గమ్యరేఖ కొద్ది గజాల దూరంలో ఉండగా కుప్పకూలింది. లేచింది. మళ్లీ కూలింది. కాళ్లు నిలువలేదు. ఆమె కళ్లెదుటనే కాథ్లీన్ మెకార్ట్నీ దాటిపోయి గెలిచింది. జూలీ చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ పోయి గీత దాటింది. ఇద్దరి నడుమ అంతరం 29 సెకన్లు. ఆ దృశ్యాన్ని టెలివిజన్‌లో చూచిన వేలాదిమంది ఈ క్రీడవైపు ఆకర్షితులైనారు. ఆమె ధైర్యానికి నేనూ చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే శరీరంలో ఇంధనం హరించిపోయిన తరువాత ధైర్యం ఎంతవరకు చేయగలదో కూడా ఆ దృశ్యం చూపుతున్నది. అది కూడా మనం గ్రహించవలసినదే.

ఇంధనమన్నాను. ఆ మాట కొంత వివరించాలి. మన దేహం ముఖ్యంగా రెండు ఇంధనాల మీద నడుస్తుంది. ఒకటి పిండిపదార్థం. మనం తిన్న అన్నం, రొట్టె గ్లైకోజెన్ అనే రూపంలో కండరాలలోను కాలేయంలోను నిలువ ఉంటుంది. ఆ నిలువ చాలా తక్కువ. సుమారు రెండువేల కేలరీలకు మించదు. రెండవది కొవ్వు. అరవై కిలోల బక్కపలచని మనిషిలో సైతం నలభైవేల కేలరీల కొవ్వు సులభంగా ఉంటుంది. నేను చెప్పిన పోటీ పూర్తి కావడానికి ఎనిమిది నుండి పదివేల కేలరీల దాకా ఖర్చవుతుంది. లెక్క మీకు అర్థమైందనుకుంటాను. చిన్న డబ్బాలో ఉన్న ఇంధనంతో అంత దూరం పోలేము. పెద్ద డబ్బాలో ఉన్నదాన్ని వాడడం శరీరానికి నేర్పాలి.

శరీరం కొవ్వును ఎప్పుడు వాడుతుంది? నిదానంగా కదిలినప్పుడు. వేగం పెరిగినకొద్దీ అది పిండిపదార్థం వైపు మొగ్గుతుంది. ఒక హద్దు దాటిన పిమ్మట రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దానిని సరిచేయడానికి ఊపిరి వడివడిగా ఆడుతుంది, వడివడిగా ఆడే ఊపిరి మాటను ముక్కలు చేస్తుంది. కనుక మాట తెగిన చోటే ఆ హద్దు. దీనికి గడియారం అక్కరలేదు, గుండెకు కట్టే యంత్రం అక్కరలేదు. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరికరాలతో కొలిచి చూచినప్పుడు కూడా ఈ మాట పరీక్ష ఆ హద్దుకు దగ్గరగానే వస్తున్నది.

ఈ హద్దు పాటించడం మనకు కొత్త కాదు. చెరుకు కోతల కాలంలో మన తండాల నుండి కుటుంబాలకు కుటుంబాలు బయలుదేరి ఫ్యాక్టరీ ప్రాంతాలకు వలసపోవడం మీరెరిగినదే. నిండుగా చెరుకు కట్టిన బండిని తోలే మనిషిని గమనించండి. తెల్లవారుజామున చల్లగాలికి ఎద్దులు ఉత్సాహంతో అడుగు సాచుతున్నా, అతడు పగ్గం బిగబట్టే ఉంటాడు. ముందర ఎత్తు ఉన్నది, ఎండ ఉన్నది, ఫ్యాక్టరీ ముంగిట గంటల తరబడి నిలువవలసి ఉన్నది. ఎద్దుల బలం అప్పుడు కావాలని అతనికి తెలుసు. ఉదయాన వాటిని అదిలించినవాడు మధ్యాహ్నం బండి దిగి తానే చక్రం తోయవలసి వస్తుంది.

ఈ నిగ్రహం గొప్ప వీరులకు కూడా అవసరమైంది. మార్క్ అలెన్ అనే అమెరికా క్రీడాకారుడున్నాడు. ఆయన ప్రతిదినం శక్తికొద్దీ పరుగెత్తేవాడు. అలసిపోయేవాడు, గాయపడేవాడు. ఫిలిప్ మాఫెటోన్ అనే శిక్షకుడు ఆయనకు ఒక నియమం విధించాడు: నాడి నిమిషానికి 155 మార్లు మించి కొట్టుకోరాదు. అంతటి పరుగువీరుడు ఆ నియమానికి లోబడి పరుగెత్తితే మైలుకు 8 నిమిషాల 15 సెకన్లు పట్టింది. మామూలు మనుషులు పరుగెత్తే వేగమది. ఆయన సిగ్గుపడ్డాడేమో గాని నియమం విడువలేదు. సుమారు ఏడాది గడిచేసరికి, నాడి అదే 155లో ఉండగా, అదే మైలుకు 5 నిమిషాల 20 సెకన్లు చాలినవి. శ్రమ పెరగలేదు, వేగం పెరిగింది. హవాయిలో ఆరుమార్లు ఓడిన ఆయన, 1989 అక్టోబరులో, అంతకు ముందే ఆరుమార్లు గెలిచిన డేవ్ స్కాట్‌ను 58 సెకన్ల తేడాతో ఓడించాడు. అటుపిమ్మట తానూ మొత్తం ఆరు విజయాలు సాధించాడు. నార్వేలో పరిశోధన చేసిన స్టీఫెన్ సీలర్ అనే శాస్త్రజ్ఞుడు ఉత్తమ శ్రేణి పడవపోటీదారుల, మంచుక్రీడాకారుల, పరుగువీరుల సాధనను పరిశీలించి, వారు ఐదింట నాలుగువంతులు సులభమైన వేగంతోనే చేస్తున్నారని తేల్చాడు.

ఇక మన ఊరి సంగతి. మన ప్రాంతంలో జాతర వచ్చిందంటే కుస్తీ ఉండవలసిందే. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండికడెం కుస్తీతో ముగిసే ఆ పోటీలలో మన పిల్లలు చూపే బలం, ఒడుపు నాకు ఎంతో గర్వకారణం. ఆ బలం కొద్ది నిమిషాలలో ఉప్పెనలా పొంగి తీరేది. అందుచేత అట్టి యువకుడు ఈ సుదీర్ఘ సాధనలో అడుగుపెట్టినప్పుడు మొదటి నెల అతనికి కష్టంగా ఉంటుంది. కాళ్లకు కాదు, మనసుకు. తనకన్న పెద్దవాడు, బలహీనుడు ముందు పోతుంటే ఊరకుండడం అభిమానం గలవానికి దుస్సహం. ఊరకుండండి. మాట సాగుతున్నదా లేదా అన్నది ఒక్కటే చూచుకోండి. ఎత్తు వచ్చి మాట తెగితే నడవండి. నడక అవమానం కాదు.

ఈత రాని మనిషి, పరుగు అలవాటు లేని మనిషి, ఈ పెద్ద పోటీకి సిద్ధం కావడానికి ఒక ఏడాదైనా వ్యవధి పెట్టుకోవాలని నా అభిప్రాయం. మొదట వారానికి ఐదారు గంటల సాధన చాలు. నెలలు గడిచినకొద్దీ అది పది పన్నెండు గంటలకు చేరుతుంది. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగవ వారం తగ్గించండి. వారానికి ఒకనాడు పూర్తి విశ్రాంతి తప్పనిసరి. కండరం గట్టిపడేది విశ్రాంతిలోనే. ఆదివారం దీర్ఘమైన సైకిలు ప్రయాణానికి ఉంచుకోండి. నిజాంపేట దాకా పోయి, అక్కడ అకోలా జాతీయ రహదారి ఎక్కి, పిట్లం దిక్కుగా పోవచ్చు. ఆ దారిలో లారీలు విస్తారం. చీకటిలో ఎక్కకండి. శిరస్త్రాణం లేకుండా ఎక్కకండి. ఎండాకాలం మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ నెలలలో ఉదయం ఎనిమిది గంటలకు పని ముగించి నీడ చేరండి. ఎండలో గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది కనుక వేగం తనంతట తగ్గాలి. తగ్గనివ్వండి. మాట సాగితే చాలు.

ఈత విషయంలో కొంచెం గట్టిగానే చెప్పదలచాను. మన పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని బావులలో ఈత నేర్చినవారు. వారికి నీళ్లంటే భయం లేదు. అది మంచిదే. కాని బావి ఈత వేరు, దూరపు ఈత వేరు. తల పైకెత్తి కాళ్లు తపతప కొడుతూ ఈదేవాడు 200 మీటర్లకే డస్సిపోతాడు. తల నీళ్లలో ఉంచి, నీళ్లలోనే ఊపిరి నిదానంగా వదలి, తల పక్కకు తిప్పి గాలి పీల్చుకోవడం గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్య. నీళ్లలో మాట్లాడలేము గదా అంటారు. గట్టు పట్టుకున్న వెంటనే ఒక వాక్యం పలికి చూడండి. పలకగలిగితే మీ వేగం సరైనది. పలకలేకపోతే మరింత మెల్లగా ఈదండి.

ఎక్కడ ఈదాలి అన్నది ఇంకా ముఖ్యం. మంజీర మనకు తల్లి వంటిది. సింగూరు, నిజాంసాగరు చూడగానే ఈదాలని మనసు పుడుతుంది. వద్దు. మంజీరలో మొసళ్లున్నవి. వాటి రక్షణ కొరకే 1978లో ఆ నదిలో ఒక భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. జలాశయంలో లోతు, బురద, ప్రవాహం కంటికి తెలియవు. కాపలా ఉన్న కొలనులో నేర్చుకోండి. ఒంటరిగా ఏ నీటిలోనూ దిగకండి.

వయసు మీరిన తరువాత ఈత వస్తుందా అని సంశయించేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాదులో నివసించే గోలి శ్యామల నలభై దాటిన తరువాత ఈత నేర్చుకున్నారు. 2021 మార్చి 19న శ్రీలంక తీరం నుండి రామేశ్వరం వైపు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో ఈదారు. ఆ జలసంధిని 1966లో మిహిర్ సేన్ ఈదాడని చదువుకున్నాం. అర్ధశతాబ్దం దాటిన పిమ్మట మన తెలుగు మహిళ ఒకరు దానిని ఈదారు. పదమూడు గంటలు చేయి ఆడాలంటే చేయి ఎంత నిదానంగా ఆడి ఉండాలో ఊహించండి.

ఆహారం సంగతి. దీర్ఘమైన పోటీలో గంటకు అరవై గ్రాముల పిండిపదార్థమైనా లోపలికి పోవాలి. రెండు అరటిపండ్లు, ఒక చిన్న బెల్లం ముక్క. అంతే. ఆకలి వేయకముందే తినండి. దాహం ముదరకముందే తాగండి. ఉత్త నీళ్లు మాత్రం విపరీతంగా తాగకండి. చెమటలో ఉప్పు పోతుండగా ఉత్త నీళ్లే నింపితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణాపాయం కలిగిన సందర్భాలున్నవి. లీటరు నీళ్లకు పావు చెంచా ఉప్పు కలుపుకోండి. పలుచని జొన్న అంబలిలో ఉప్పు వేసి సీసాలో పోసుకుంటే ఇంకా మేలు. జొన్నరొట్టె మనకు బలమైన ఆహారమే గాని పోటీ ముందు రాత్రి, ఆ ఉదయం తినకండి. పీచు ఎక్కువ, కడుపు ఇబ్బంది పెడుతుంది. ఆ రెండు పూటలు తెల్లని అన్నం, కొద్దిగా ఉప్పు, పలుచని చారు చాలును. తినవలసిన గట్టి తిండి సైకిలు మీదనే తినాలి. పరుగులో కడుపు కుదుపుకు గట్టి తిండి సహించదు. మాట సాగే వేగంలో ఉన్నప్పుడే కడుపు పని చేస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. వేగం మించితే రక్తం కాళ్లకు పోతుంది, తిన్నది అరగదు.

ఇక పోటీనాడు. మనకు అందుబాటులో గోవా ఉన్నది. పణజి వద్ద మీరామార్ తీరాన, 2019 అక్టోబరు 20న, ఇందులో సగం దూరపు పోటీ ఐరన్‌మాన్ పేరుతో మన దేశంలో మొదటిసారి జరిగింది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21 కిలోమీటర్ల పరుగు. భారత సైన్యానికి చెందిన మణిపురి యువకుడు బిశ్వర్జిత్ సైఖోం అందులో విజేత. మొదట ఈ సగం దూరం పూర్తిచేసి, ఆ తరువాత పెద్దదానికి సంకల్పించడం ఉత్తమం.

వందలమంది ఒక్కమారు సముద్రంలో దిగినప్పుడు చేతులు తగులుతవి, కాళ్లు తగులుతవి, గుండె అదురుతుంది. ఓ పక్కకు తప్పుకొని, మొదటి 200 మీటర్లు అతి మెల్లగా ఈదండి. సైకిలు మీద మొదటి గంట కాళ్లు ఎంతో తేలికగా ఉంటవి. ఆ తేలికదనాన్ని నమ్మకండి. అది ఖర్చు పెట్టవలసిన బలం కాదు, దాచవలసిన బలం. పరుగులో నీళ్ల కేంద్రం వచ్చిన ప్రతిమారు నడవండి, తాగండి, తిరిగి సాగండి. ముప్పై కిలోమీటర్లు దాటి, ఇంకా పన్నెండు ఉన్నవనగా, ఒంట్లో బలం మిగిలి ఉందనిపిస్తే, అప్పుడు వేగం పెంచండి. ఆ చివరి దూరంలో మాట ఆగినా ఫరవాలేదు. అప్పటిదాకా ఆగకూడదు. ఉదయం నుండి దాచుకున్నవాడు ఆ దూరంలో వందమందిని దాటుతాడు.

నలభై దాటినవారు, మధుమేహం గాని రక్తపోటు గాని ఉన్నవారు వైద్యునికి చూపించుకోకుండా ఈ సాధన ఆరంభించకండి. అమెరికాలో దాదాపు ముప్పై ఏళ్ల పోటీలను పరిశీలించినప్పుడు, ఆకస్మికంగా గుండె ఆగినవి, ప్రాణం పోయినవి, అన్నీ కలిపి మూడింట రెండువంతులు ఈతలోనే జరిగినవని తేలింది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అకారణమైన ఆయాసం కలిగితే ఆ క్షణమే ఆగండి. పోటీ మళ్లీ ఏటికి వస్తుంది.

శ్రోతలారా, ఐరన్‌మాన్ అందరూ చేయనక్కరలేదు. కాని నేను చెప్పిన ఒక్క పని అందరూ చేయవచ్చు. రేపటి నుండి ఆరు వారాలపాటు, వారానికి నాలుగు ఉదయాలు, ఇంటిలో ఒకరిని, అక్కనో అన్ననో భార్యనో భర్తనో తోడు తీసుకొని, అరగంటసేపు మాట్లాడుకుంటూ పరుగెత్తండి. మాట తెగితే నడవండి. మాట కుదిరితే పరుగెత్తండి. ఈత వచ్చిన పెద్దలకు నాదొక మనవి. ఈ వేసవిలో మీ తండాలో, మీ ఊరిలో ఉన్న పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మీరు దగ్గరుండి, గట్టున మరొక మనిషిని కాపలా ఉంచి, ఈత నేర్పండి.